వాచీకి అడ్వాన్సు కట్టేముందు

జలహళ్లి, బెంగళూరు

చిరంజీవి స్వాతికి, మీ అత్త దీవించి రాసేది.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. ఆఫీసు పని మీద వచ్చే నెల జెనీవా వెళ్తున్నావట. పని అయ్యాక రెండు రోజులు సెలవు పెట్టి, అక్కడి కొండల్లో సొంతంగా వాచీలు చేసే ఒక పనివాడి దగ్గరికి వెళ్లి, నీ పేరు మీద ఒక వాచీకి అడ్వాన్సు కడతావట. ఎంత అని అడిగితే చెప్పాడు. నాకు కాసేపు మాట రాలేదు. "చూశావా అక్కా, ఆ డబ్బుతో యలహంకలో సైటుకి సగం వచ్చేది" అన్నాడు. వాడి బాధ వాడిది. నాకు మాత్రం రాత్రంతా నిద్ర పట్టలేదు. సగం భయం, సగం సంతోషం. వాచీ లోపల ఏముందో చూడాలన్న బుద్ధి మన ఇంట్లో నా తర్వాత ఇన్నేళ్లకి ఇంకొక ఆడపిల్లకి పుట్టింది.

ఫోన్‌లో అయితే నువ్వు "సరే అత్తా, సరే అత్తా" అంటావు, చెయ్యి ల్యాప్‌టాప్ మీదే ఉంటుంది. అందుకే రాస్తున్నాను. రెండుసార్లు చదువు.

రసీదు జాగ్రత్త చేసుకో, వాచీ చేతికి వచ్చిన రోజున కస్టమ్స్‌లో చెప్పి సుంకం కట్టు, ఇన్సూరెన్స్ చేయించు. ఇవన్నీ నీకు తెలిసినవే, నాకంటే బాగా చేసుకుంటావు.

నీకు తెలియనిది చూడటం. కోపం తెచ్చుకోకు. మీ నాన్న పంపిన ఫొటోలు చూశాను, డయల్ ఫొటోలే ఉన్నాయి అన్నీ. చీర కొనడానికి ధర్మవరం వెళ్తే మా అమ్మ ఏం చేసేదో నీకు చెప్పానా? షాపువాడు పైట పరిచి చూపిస్తుంటే ఆ వైపు చూసేదే కాదు. అంచు పట్టుకుని తిప్పి, లోపలివైపు వేలితో తడిమేది. జరీ పోగులు ఎక్కడ తెగాయి, ఎక్కడ ముడేశారు, ఎక్కడ వదిలేశారు అని. "పైన అందరూ బాగానే నేస్తారు" అనేది. నువ్వు కొనబోయే వాచీని కూడా అలాగే తిప్పి చూడాలి. దాని వెనక అద్దం ఉంటుంది, లోపలి మూమెంట్, అంటే వాచీని నడిపే యంత్రం, కనిపిస్తుంది. నువ్వు డబ్బు పెట్టేది అక్కడి పనికి.

నువ్వు వెళ్లేలోపు ఇంకా రెండు ఆదివారాలు ఉన్నాయి. రెండూ నాకు ఇవ్వు. ముందు నా హెచ్.ఎం.టి. జనతా వాచీ చూడు. నవ్వకు. అక్కడ చూడబోయేదాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు ఇది అర్థం కావాలి.

నేను 1974లో హెచ్.ఎం.టి.లో చేరాను. 1961లో జపాన్ సిటిజన్ వాళ్ల సాయంతో మొదలైన వాచీ ఫ్యాక్టరీ అది. మొదటి వాచీలను నెహ్రూగారు విడుదల చేశారని మా సీనియర్లు చెప్పుకునేవాళ్లు. గుంతకల్లు నుంచి వచ్చిన 20 ఏళ్ల పిల్లని, కన్నడం ఒక్క ముక్క రాదు. తెల్ల కోటు, తలకి గుడ్డ, కంటికి ఐ గ్లాస్ అనే చిన్న భూతద్దం. మా వరసలో అందరం ఆడపిల్లలమే. నా పని ఒక్కటే. చక్రాలన్నీ కూర్చిన ప్లేటు నా ముందుకి వచ్చేది. దాంట్లోకి అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రాన్ని దించి, దాన్ని పైనుంచి పట్టి ఉంచే బ్రిడ్జి బిగించి పక్క బల్లకి తోసేదాన్ని. పక్క బల్ల అమ్మాయి దానికి రెండు చుట్లు కీ ఇచ్చేది. అంతవరకూ కట్టెలా పడి ఉన్న ముక్క ఒక్కసారి ఒళ్లు విరుచుకుని ఊగడం మొదలుపెట్టేది. నేను దించిన బ్యాలెన్స్ ప్రాణం పోసుకోవడం చూడటానికి మెడ తిప్పేదాన్ని. సూపర్‌వైజర్ చూస్తే తిట్లే. అయినా తిప్పేదాన్ని.

జనతా బ్యాలెన్స్ గంటకు 18,000 కొట్లు కొడుతుంది, సెకనుకు 5. రోజుకు 4,32,000. అది ఏ శక్తితో ఊగుతుందో చూడు. నువ్వు కీ ఇస్తే డబ్బాలో స్ప్రింగు చుట్టుకుంటుంది. అది విప్పుకోవాలని చూస్తూ చక్రాల వరసను తోస్తుంది. వరస చివర ఎస్కేప్ చక్రం, దాన్ని ఆపుతూ వదులుతూ ఉండే పాలెట్ ఫోర్కు. ఒక్కో పన్ను వదిలినప్పుడల్లా బ్యాలెన్స్‌కి ఒక చిన్న తోపు. ఆ తోపు అందుకుని బ్యాలెన్స్ తిరుగుతుంది, దానికి అంటి ఉన్న సన్నటి చుట్ల హెయిర్ స్ప్రింగు దాన్ని వెనక్కి లాక్కొస్తుంది. వచ్చే దారిలో ఫోర్కుని తట్టి ఇంకో పన్ను వదిలిస్తుంది. నీకు వినిపించే టిక్కు అదే. ఆదివారం నా జనతాలో హెయిర్ స్ప్రింగు వంక పది నిమిషాలు కదలకుండా చూడు. నిద్రపోయే పసిపిల్ల డొక్కలాగా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. చుట్లన్నీ సమంగా విచ్చుకోవాలి. ఒక పక్కకి ఒరిగితే ఎక్కడో తేడా ఉన్నట్టు. ఈ ఒక్కటి కంటికి పట్టిందంటే నీకు సగం వచ్చేసినట్టే.

ఇక అక్కడివాళ్ల సంగతి. రిటైరయ్యాక టాబ్‌లో ఈ పనివాళ్ల వీడియోలు చూస్తూ కూర్చుంటున్నాను. ఫిలిప్ దుఫూర్ అని స్విట్జర్లాండ్‌లో వాలే ద జూ లోయలో ఉంటాడు. 2000లో సింప్లిసిటీ అని ఒక వాచీ చేశాడు. గంట, నిమిషం, చిన్న సెకండ్ల ముల్లు, అంతే. అదీ గంటకు 18,000 కొట్లే, మా జనతా లాగే. అదే ఫోర్కు, అదే హెయిర్ స్ప్రింగు. అది తెలిసిన రోజు నాకు ఒళ్లు పులకరించింది. మరి ఆయన చేసిన రెండు వందల పైచిలుకు వాచీల కోసం లోకం ఎందుకు పడిగాపులు కాస్తుంది? తిప్పి చూస్తే తెలుస్తుంది.

ముందు బ్రిడ్జిల అంచులు చూడు. చక్రాలను పైనుంచి పట్టి ఉంచే రేకుల్ని బ్రిడ్జిలంటారు. మా దగ్గర ఆ అంచు మిషను కోసిన అంచు, గరుకు లేకపోతే చాలు. వీళ్లు ఆ అంచుని ఏటవాలుగా ఆకురాయితో అరగదీసి, అద్దంలా మెరిసేదాకా రుద్దుతారు. జెన్షియన్ అనే కొండ మొక్క ఎండు కాడతో రుద్దుతాడు దుఫూర్. రెండు అంచులు లోపలికి కలిసే మూల ఉంటుంది చూడు, గోడల మూల లాగా. తిరిగే పనిముట్టు ఏదైనా ఆ మూలలోకి పోతే గుండ్రం చేసేస్తుంది. అక్కడ గీత గీసినట్టు పదునుగా రెండు మెరుపులు కలిశాయంటే, ఒక మనిషి కూర్చుని చేత్తో అరగదీశాడని అర్థం. నువ్వు చూడబోయే వాచీలో అలాంటి మూలలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు. సిగ్గుపడకుండా వేలుపెట్టి లెక్కపెట్టు, అద్దం మీదే లే.

తర్వాత ఉక్కు ముక్కలు. చిన్న స్టీలు పలకని తగరం పలక మీద వజ్రం పొడి ముద్ద వేసి రుద్దుతారు. ఒక్క దుమ్ము కణం పడితే గీత, మళ్లీ మొదటికి రావాలి. సరిగ్గా కుదిరితే ఆ ఉక్కు ఒక వైపు నుంచి తెల్లగా మెరుస్తుంది, వాచీని కాస్త వంచగానే కాటుకలా నల్లబడిపోతుంది. మధ్యలో బూడిద రంగు కనిపించకూడదు. కిటికీ పక్కన కూర్చుని, ఒక్క వైపు నుంచే వెలుతురు పడేలా పట్టుకుని, మెల్లగా వంచు. అంతకుముందు కాఫీ తాగకు, చెయ్యి నిలవదు.

బ్రిడ్జిల కింద, చక్రాల వెనక, మూత తీస్తే తప్ప కనపడని చోట కూడా చిన్న చిన్న వలయాలు ఒకదాని మీద ఒకటి ఎక్కేలా దిద్ది ఉంటాయి. అవి నీకు కనిపించవు. "కింద వైపు చూపిస్తారా" అని ఆయన్ని అడుగు. పని చేసినవాడైతే ఇంకో వాచీ విప్పి ఉన్నది తెచ్చి చూపిస్తాడు, మొహం వెలిగిపోతుంది. మాట మార్చాడంటే నువ్వూ కాఫీ తాగి, థాంక్స్ చెప్పి లేచి వచ్చెయ్.

జెనీవాలో ఒక పూట దొరికితే ఎఫ్.పి. జూర్న్ అనే ఆయన చేసిన రెజొనాన్స్ వాచీ ఎక్కడైనా చూపిస్తారేమో కనుక్కో. 2000లో వచ్చింది. రెండు బ్యాలెన్స్‌లు పక్కపక్కనే ఉంటాయి, ముట్టుకోవు, అయినా ఒకదాని ఊపుకి ఒకటి శ్రుతి కలుపుతాయి. 1665లోనే హైగెన్స్ అనే డచ్ శాస్త్రవేత్త ఒకే దూలానికి వేలాడదీసిన రెండు లోలకాల గడియారాల్లో ఈ వింత గమనించాడు. దాన్ని చేతికి కట్టుకునేలా చేశాడంటే ఎంత ఓపిక! కొనడానికి కాదు, చూడటానికి. అదీ కొంటానని గానీ అన్నావో, మీ నాన్నకి నేను జవాబు చెప్పలేను.

ఇప్పుడు తిడతాను. "అత్తా, ఇలాంటివి తర్వాత రేటు పెరుగుతాయి కూడా" అని మీ నాన్నతో అన్నావట. ఆ మాట మానెయ్. రేటు కోసమైతే బంగారం కొనుక్కో, లాకర్లో పెట్టుకో, నాకేం అభ్యంతరం లేదు. వాచీని లాకర్లో పెట్టావంటే నూనె చిక్కబడి పోతుంది. మనిషి ఒంటి మీద ఉండాల్సిన వస్తువు అది. ఒక్క వంటింట్లో తప్ప, బస్సులో, మెట్రోలో, అన్నిచోట్లా కట్టుకో. రోజూ పొద్దున ఒకే వేళకి కీ ఇవ్వు. బిగిసే దగ్గర ఆపు.

అసలు సంగతికి వస్తున్నాను. ఇది మీ నాన్నకి కూడా పూర్తిగా తెలియదు, వాడప్పుడు చిన్నవాడు.

మా నాన్న, అంటే మీ తాతయ్య, గుంతకల్లులో గూడ్సు గార్డు. ఆయన దగ్గర ఒక స్విస్ జేబు గడియారం ఉండేది, వాళ్ల నాన్నది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు సంక్రాంతికి ఇంటికి వెళ్లాను. మా పెద్దమ్మ పిల్లలంతా చుట్టూ చేరి "అక్కా, నువ్వు వాచీలు చేస్తావంట కదా" అన్నారు. నాకు గర్వం. రోజుకి వందల బ్యాలెన్స్‌లు దించే చెయ్యి. నాన్న స్నానానికి వెళ్లాడు. బల్ల మీద గడియారం ఉంది, అప్పుడే కీ ఇచ్చి పెట్టాడు. మూత తీశాను. ట్వీజరు, చిన్న స్క్రూడ్రైవరు సంచీలో ఉండనే ఉన్నాయి. బ్యాలెన్స్ బ్రిడ్జి స్క్రూ విప్పి, చక్రాన్ని హెయిర్ స్ప్రింగుతో సహా చెక్కుచెదరకుండా ఎత్తి తెల్ల కాగితం మీద పెట్టాను. పిల్లలు నోరెళ్లబెట్టారు. ఆగలేదు. పాలెట్ ఫోర్కు కూడా తీసి చూపిద్దామని దాని బ్రిడ్జి స్క్రూ వదులు చేశాను.

ఫ్యాక్టరీలో నా బల్ల మీదికి వచ్చే ప్లేటులో ఎప్పుడూ కీ ఉండేది కాదు. కీ ఇచ్చేది పక్క అమ్మాయి. ముందు స్ప్రింగు బిగువు మెల్లగా దించేసి, ఆ తర్వాతే ఫోర్కు మీద చెయ్యి వేయాలని మామూలు రిపేరువాడికి కూడా తెలుస్తుంది. నాకు తెలియదు. ఎవర్నీ అడగనూ లేదు. తప్పు నాదే. బ్రిడ్జి వదులవగానే నిండా చుట్టిన స్ప్రింగు బలమంతా ఆ ఫోర్కు మీద పడింది. జర్రుమని చక్రాలు తిరగడం మొదలుపెట్టాయి. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది స్వాతీ. చేటలో బియ్యం పోసినట్టు ఉంటుంది. కంగారులో బొటనవేలితో నొక్కాను. చక్రాలు ఆగాయి. ఫోర్కు ఇరుసు విరిగింది. వెంట్రుకకి కాస్త లావుండే ముక్క అది. కాగితం మీద వెతికితే దుమ్ములా కనపడింది.

నాన్న తల తుడుచుకుంటూ వచ్చి చూశాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోనాడు గడియారాన్ని రుమాల్లో చుట్టి, నాతోపాటు రైలెక్కి బెంగళూరు వచ్చాడు. ఇద్దరం అవెన్యూ రోడ్డులో ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ప్రతి వాచీ రిపేరు కొట్టూ ఎక్కాం. ముసలి పనివాడొకాయన ఐ గ్లాస్ పెట్టి చూసి, "ఈ ముక్క ఇంక దొరకదమ్మా, ఇలాంటిదే చచ్చిన గడియారం ఇంకోటి దొరికితే తీసి వేస్తాను" అన్నాడు. ఇంకో కొట్టువాడు దొరికిన ఫోర్కుని అరగదీసి అందినకాడికి సరిపెట్టాడు. నాలుగు రోజులు నడిచి ఆగింది. ఆ తర్వాత మూడేళ్లు, ఆదివారం వస్తే చాలు, పాత సామాన్ల బజార్లలో చచ్చిన గడియారాల కోసం వెతికాను. దొరకలేదు.

నాన్నకి స్టాఫ్ రేటులో జనతా కొనిచ్చాను. పోయేదాకా అదే కట్టుకున్నాడు. కానీ టైం ఎవరైనా అడిగితే ముందు చెయ్యి ఖాళీ జేబు మీదికి పోయేది, ఆ తర్వాత మణికట్టు చూసుకునేవాడు. ఇరవై ఏళ్లు అలా చూశాను నేను.

అందుకే ఏ పరిస్థితిలోనూ నువ్వు మూత తీయకు. వీడియోలు చూసి టూల్స్ కొనుక్కున్నావని విన్నాను. నా జనతా మీద నేర్పిస్తాను, ఎన్నిసార్లైనా విరగ్గొట్టు. ఆ వాచీ మీద మాత్రం నీ గోరు కూడా తగలడానికి వీల్లేదు.

అందుకే ఇంకో మాట కూడా, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. పెద్ద కంపెనీ వాచీ అయితే ముప్పై ఏళ్ల తర్వాత కూడా ముక్క పంపమని అడిగే చోటు ఉంటుంది. ఒక్క మనిషో, పదిమందో చేసే వాచీకి? చక్రాలు, ఇరుసులు, స్క్రూలు ఆ గదిలో తప్ప ఎక్కడా పుట్టవు. బ్యాటరీ వాచీల దెబ్బకి మెకానికల్ పని ఇక చచ్చిందని అందరూ అనుకుంటున్న రోజుల్లో, 1985లో, స్వెండ్ ఆండర్సన్, విన్సెంట్ కలాబ్రీస్ అని ఇద్దరు కలిసి ఇలాంటి ఒంటరి పనివాళ్లకి ఒక సంఘం పెట్టారు. వాళ్ల పట్టుదలకి చేతులెత్తి మొక్కాలి. కానీ ఒంటరితనం ఒంటరితనమే. మా ఫ్యాక్టరీ అంత పెద్దది, వేలమందిమి, దాన్నే 2016లో మూసేయాలని నిర్ణయించారు. ఇప్పుడు జనతా ముక్కలు కావాలన్నా బజారులో వెతుక్కోవాలి.

జార్జ్ డేనియల్స్ సంగతి చదివావా? బ్రిటన్ పక్కన ఐల్ ఆఫ్ మాన్ అనే ద్వీపంలో ఒక్కడే కూర్చుని, కేసు, డయలు, ముళ్లు, చక్రాలు అన్నీ తన చేత్తోనే చేసినవాడు. ఫోర్కు దగ్గర రాపిడి తగ్గించి, నూనె మీద అంతగా ఆధారపడకుండా నడిచే కో-యాక్సియల్ పద్ధతి 1970ల్లో కనిపెట్టాడు. కంపెనీల చుట్టూ తిరిగి తిరిగి, 1999లో ఒమేగా వాళ్లు దాన్ని వాచీల్లో పెట్టేదాకా వదల్లేదు. ఆయన దగ్గరికి రోజర్ స్మిత్ అనే కుర్రాడు తను చేసిన జేబు గడియారం తీసుకెళ్తే, ఇది చేత్తో చేసినట్టు తెలిసిపోతోందని తిప్పి పంపేశాడు. ఆ కుర్రాడు వెళ్లి దాదాపు ఐదేళ్లు కష్టపడి ఇంకో గడియారం చేసి మళ్లీ తెచ్చాడు. అప్పుడు మెచ్చుకున్నాడు, పనిలోకి పిలిచాడు. 2011లో డేనియల్స్ పోయాడు. స్మిత్ అదే ద్వీపంలో ఆ పని చేస్తూనే ఉన్నాడు. నేను నీతో అడిగించాలనుకుంటున్నది అలాంటి స్మిత్ ఒకడు ఆయనకీ ఉన్నాడా అనే. నువ్వు వెళ్లే ఆయన పక్క బల్ల మీద ఎవరున్నారు? కుర్రవాళ్లకి నేర్పుతున్నాడా? ముక్కల కొలతలు కాగితం మీద ఉన్నాయా, ఆయన తలలోనే ఉన్నాయా? ఏ ముక్కలు ఆ గదిలో చేస్తారు, ఏవి బయట నుంచి వస్తాయి? హెయిర్ స్ప్రింగు బయట నుంచి తెస్తే తప్పేం కాదు, చాలామంది అలాగే చేస్తారు, కానీ ఆయన దాచకుండా చెప్పాలి. అడ్వాన్సు కడితే ఎన్నాళ్లకి ఇస్తాడో, ఇవ్వలేకపోతే డబ్బు సంగతేమిటో కాగితం మీద రాయించుకో. పెద్దవాడు కదా, అడిగితే బాగుండదేమో అని మొహమాటపడకు. మొహమాటానికి పోయి మన ఇంట్లో పోగొట్టుకున్నవి చాలు.

ఇవన్నీ సరిగ్గా ఉంటే కట్టు. మీ నాన్నకి నేను చెప్తాను. సైట్లు యలహంకలో ఎప్పుడూ ఉంటాయి.

ఆదివారం పదింటికల్లా రా. నా ఐ గ్లాస్ నీకిస్తాను, ముప్పై నాలుగేళ్లు నా కంటికి ఉన్నది, రబ్బరు అంచు మాత్రం కొత్తది వేయించాను. పప్పుచారు, వంకాయ వేపుడు చేస్తాను. తిన్నాక బీరువాలోంచి పాత బోర్న్‌విటా డబ్బా తీస్తాను. అందులో నాన్న గడియారం ఉంది. రుమాలు అదే. మూత తీస్తే బ్రిడ్జి మీద నా బొటనవేలి ముద్ర ఇంకా ఉంటుంది. చెమట తిన్న చోట లోహం మచ్చపడిపోయింది, గీతలతో సహా కనిపిస్తుంది. విరిగిన ఫోర్కు, ఇరుసు ముక్క చిన్న గాజు గొట్టంలో వేరుగా పెట్టాను.

దాన్ని నీ చేతి సంచీలో పెట్టుకుని తీసుకెళ్లు, సూట్‌కేసులో వద్దు. మాటలన్నీ అయ్యాక, ఆయన మంచివాడనిపిస్తే, బల్ల మీద పెట్టి చూపించు. ఆ ఇరుసు ఒక్కటి తిప్పి ఇవ్వగలడేమో అడుగు. ఎంత అడిగినా నా పెన్షన్‌లోంచి ఇస్తాను. వేలిముద్ర మాత్రం తుడవొద్దని చెప్పు.

మీ అత్త